లక్షణాల కోసం ఎదురుచూడకండి

చిరంజీవులకు ఆశీస్సులు.

ఈ ఉత్తరం క్లమీడియా అనే జబ్బు గురించి. మొహమాటపడితే చెప్పాల్సింది మిగిలిపోతుంది కాబట్టి ఉన్నదున్నట్టే రాస్తున్నాను. లైంగిక సంబంధం వల్ల అంటుకునే జబ్బుల్లో ఎక్కువగా కనిపించేవాటిలో ఇదొకటి. పాతికేళ్ళ లోపువాళ్ళలో మరీ ఎక్కువ. మందుతో పూర్తిగా పోతుంది. చిక్కల్లా ఒంట్లో ఉన్న సంగతి తెలియకపోవడమే.

ఆడవాళ్ళలో ఎక్కువమందికీ, మగవాళ్ళలో ఇంచుమించు సగం మందికీ ఏ బాధా ఉండదు. బయటపడితే ఒకటి నుంచి మూడు వారాల్లో మూత్రంలో మంట, తెల్లబట్ట తీరు మారడం, నెలసరి కాని రోజుల్లోనో కలయిక తర్వాతో రక్తం కనబడటం, మగవాళ్ళకైతే పురుషాంగం చివర పల్చటి స్రావం, బీజాల నొప్పి. గొంతులోనూ మలద్వారంలోనూ కూడా చేరుతుంది.

ఇంత గుట్టుగా ఎలా ఉంటుందంటే, ఈ బాక్టీరియా మన కణాల లోపలికి దూరి అక్కడే పెరుగుతుంది. రెండు మూడు రోజులకు ఆ కణాన్ని పగలగొట్టుకుని వచ్చి పక్క కణాల్లో చేరుతుంది. చాలామందికి పైకి జ్వరమూ ఉండదు, నొప్పీ ఉండదు. ఆడవాళ్ళలో అది గర్భసంచి దాటి అండం వచ్చే ట్యూబుల్లోకి ఎక్కితే అక్కడి పొర వాచి, మచ్చకట్టి, దారి ఇరుకవుతుంది. పిల్లలు పుట్టడం కష్టం కావచ్చు, లేదా గర్భం ట్యూబులోనే నిలిచిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మందు బాక్టీరియాను చంపుతుంది గానీ పడ్డ మచ్చను చెరపలేదు. తొందరపడమనేది అందుకే.

టాయిలెట్ సీటు వల్లా తువ్వాలు వల్లా ఒకే కంచంలో తినడం వల్లా ఇది రాదు. ఆ భయం వదిలేయండి.

పరీక్షకు సూదితో పని లేదు. మూత్రం ఇచ్చేటట్టయితే కనీసం గంటసేపు మూత్రానికి వెళ్ళకుండా ఉండి, మొట్టమొదట వచ్చే ధారనే 20, 30 మిల్లీలీటర్లు పట్టాలి. మామూలు మూత్ర పరీక్షకు మధ్య ధార పట్టమంటారు కదా, ఇక్కడ అదే పొరపాటు. డబ్బా నిండా పట్టినా శాంపిల్ పల్చబడి జబ్బు దొరక్కపోవచ్చు. ఆడవాళ్ళకు యోనిలోంచి స్వాబ్‌తో (దూది చుట్టిన పుల్లతో) తీసే శాంపిల్ ఇంకా నమ్మకమైనది, ఎవరిది వాళ్ళే తీసుకోవచ్చు. కలయిక జరిగిన మర్నాడే పరుగెత్తి నెగెటివ్ వచ్చిందని సంబరపడకండి, రెండు వారాలాగి చేయించుకుంటేనే ఆ ఫలితానికి విలువ. పనిలో పనిగా గనేరియా, సిఫిలిస్, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా అడగండి.

సాధారణంగా ఇచ్చే మందు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, పూటకొకటి చొప్పున రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు. గర్భిణులకు ఇది పనికిరాదు, వాళ్ళకు సాధారణంగా అజిత్రోమైసిన్ 1 గ్రాము ఒకేసారి ఇస్తారు. డాక్సీసైక్లిన్‌ను గ్లాసుడు నీళ్ళతో వేసుకుని అరగంటైనా నడుం వాల్చకూడదు. గుక్కెడు నీళ్ళతో మింగి పడుకుంటే మాత్ర అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది. పాలు, ఐరన్, కాల్షియం మాత్రలు, కడుపులో మంటకు వాడే యాంటాసిడ్‌లు దానితో కలిపి తీసుకుంటే మందు ఒంటికి సరిగా పట్టదు, కనీసం రెండు గంటల ఎడం ఉంచండి. ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది, అదీ గుర్తుండాలి. మూడోరోజుకు మంట తగ్గిందని ఆపేయడం, మిగిలినవి స్నేహితుడికివ్వడం రెండూ తెలివితక్కువ పనులే. డాక్టరు చూడకుండా మొదలుపెట్టడమూ అంతే.

వైద్యం చెడిపోయేది ఎక్కువగా మందు దగ్గర కాదు, రెండో మనిషి దగ్గర. ఒకరు మందు వాడి, ఇంకొకరు వాడకపోతే జబ్బు మళ్ళీ మొదటివాళ్ళకే చేరుతుంది, ఒకసారి వచ్చిందని రక్షణేమీ ఏర్పడదు. గత 60 రోజుల్లో సంబంధం ఉన్నవాళ్ళందరికీ చెప్పండి. ‘నాకు క్లమీడియా అని తేలింది, నువ్వూ పరీక్ష చేయించుకో’ అంటే చాలు, ఎవరి నుంచి వచ్చిందన్న పంచాయితీ అనవసరం. ఎన్నాళ్ళ నుంచి ఉందో పరీక్ష చెప్పలేదు. ఇద్దరి కోర్సూ పూర్తయ్యేదాకా (ఒకేసారి వేసుకునే మందైతే, వేసుకున్నాక ఏడు రోజులు) కలయిక వద్దు. మందు వాడిన మూడు నెలలకు మళ్ళీ పరీక్ష చేయించుకోండి. మరీ ముందే, నాలుగు వారాల లోపే చేయిస్తే చచ్చిన బాక్టీరియా ఆనవాళ్ళకే పాజిటివ్ చూపించవచ్చు.

కండోమ్ ప్రతిసారీ, మొదటినుంచి చివరిదాకా వాడితే ముప్పు బాగా తగ్గుతుంది. గడువు తేదీ చూడండి. పర్సులో నెలల తరబడి నలిగినది వద్దు. లేటెక్స్ కండోమ్‌కు నూనె, వ్యాజిలైన్ తగిలితే చిరుగుతుంది. గర్భనిరోధక మాత్రలు ఈ జబ్బును ఆపవు.

పొత్తికడుపులో నొప్పితో జ్వరం వచ్చినా, గర్భం అనుమానం ఉండి ఒకవైపు తీవ్రంగా నొప్పి వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. బీజంలో హఠాత్తుగా భరించలేని నొప్పి వస్తే క్లమీడియా అనుకుని మాత్రలు వేసుకుంటూ కూర్చోవద్దు. బీజం మెలిపడి ఉండవచ్చు, అప్పుడు దాన్ని కాపాడటానికి చేతిలో ఉండేది కొన్ని గంటలే.

మీ
అత్తయ్య