ఎస్‌ఎంపీఎస్ కొంటున్నారా? అపోహలు - వాస్తవాలు

భీమవరంలో కంప్యూటర్ రిపేరు షాపు మాది. అసలు ఆన్ అవ్వని స్థితిలో వచ్చే డెస్క్‌టాప్‌లలో చాలావాటికి రోగం ఎస్‌ఎంపీఎస్‌లోనే, అంటే గోడ కరెంటును కంప్యూటర్‌కి తగ్గట్టు మార్చి ఇచ్చే పవర్ సప్లై డబ్బాలోనే ఉంటుంది. ప్రాసెసర్‌కి వేలకు వేలు పెట్టినవాళ్లు కూడా దీని దగ్గరకొచ్చేసరికి "ఏదో ఒకటి వేసెయ్యండి" అంటారు. మాకు తరచూ వినిపించే మాటలు కొన్ని చెబుతాను.

అపోహ: "450 వాట్లని రాసుందండీ, సరిపోద్ది కదా."

వాస్తవం: పెద్దక్షరాల్లో ఉన్న ఆ అంకెను వదిలేయండి. పక్కన స్టిక్కరు మీద చిన్న పట్టిక ఉంటుంది. అందులో 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లున్నాయో చూసి 12తో హెచ్చవేయండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు బతికేది ఆ లైను మీదే. అక్కడ 16 ఆంపియర్లే ఉంటే మీకు దక్కేది 192 వాట్లు. మిగతాదంతా ఈ రోజుల్లో పెద్దగా పనిలేని 3.3, 5 వోల్టుల లైన్లలో కలిపి చూపిస్తారు. నిజంగా 450 వాట్లిచ్చేదైతే 12 వోల్టుల మీద 35 ఆంపియర్లకు అటూ ఇటూగా ఉండాలి. పట్టికే లేని డబ్బా ఊరికే ఇచ్చినా వద్దు.

అపోహ: ఎక్కువ వాట్లది వేస్తే కరెంటు బిల్లు పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. కంప్యూటర్‌కి కావలసినంతే లాగుతుంది. అలాగని అందరికీ 750 అక్కర్లేదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ఆఫీసు కంప్యూటర్ మామూలు పనిలో 100 వాట్లు దాటడమే అరుదు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలో ఆర్‌టీఎక్స్ 3060 ఉంటే ఆ కార్డొక్కటే 170 వాట్లు. దానికి ఎన్‌విడియా సూచించే సప్లై 550 వాట్లు.

అపోహ: "క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందండీ, మీరేసింది డూప్లికేటు."

వాస్తవం: మా ఊళ్లలో ఎక్కువ గొడవ దీని దగ్గరే. సప్లైలోకి కరెంటు వచ్చే చోట ఒక ఫిల్టర్ ఉంటుంది. అందులోని చిన్న కెపాసిటర్లు ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి కలిపి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కాస్త లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే క్యాబినెట్ మీద మెయిన్స్‌లో సగం దాకా వోల్టేజీ నిలబడి వేలికి తెలుస్తుంది. తమాషా ఏమిటంటే, ఖర్చు తగ్గించడానికి ఫిల్టర్ ఎత్తేసిన నాసిరకం డబ్బా ఇలా జివ్వుమనకపోవచ్చు. దాంతో మంచిదానికి చెడ్డపేరు, చెడ్డదానికి మంచిపేరు! ఎలక్ట్రీషియన్‌తో సాకెట్లో ఫేజుకీ ఎర్తుకీ మధ్య మీటరు పెట్టించండి. 230 దరిదాపుల్లో చూపించాలి. పాత ఇళ్లలో చాలాచోట్ల పై పెద్ద రంధ్రానికి వైరే ఉండదు. కొద్ది లోతులోనే తడి తగిలే డెల్టా నేల మనది, ఇక్కడ ఎర్తింగ్ చేయించడం కష్టమేం కాదు. జివ్వుమనడం కాకుండా గట్టిగా కొడితే మాత్రం వెంటనే ప్లగ్ తీసేయండి.

అపోహ: 80 ప్లస్ గుర్తుంటే కళ్లు మూసుకుని కొనొచ్చు.

వాస్తవం: 2004లో మొదలైన ఆ గుర్తు కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతుంది, అంతే. షార్ట్ అయినా, లోడు మించినా, వోల్టేజీ ఎగిసినా ఆగిపోయే రక్షణలున్నాయో లేదో విడిగా చూసుకోవాలి. కంపెనీ పేరొక్కటీ చాలదు. కోర్సెయిర్ లాంటి పెద్ద పేర్లు కూడా సీసోనిక్, సీడబ్ల్యూటీ వంటి ఫ్యాక్టరీలతో చేయించుకుంటాయి, మోడల్‌ని బట్టి నాణ్యత మారుతుంది. డబ్బు తక్కువైతే ఆ గుర్తులో పై మెట్టైన గోల్డ్ జోలికి పోకండి. 5 ఏళ్ల వారంటీ ఉన్న కింది మెట్టు బ్రాంజ్ తీసుకుని, మిగిలింది ఎర్తింగ్‌కి పెట్టండి.

అపోహ: లో వోల్టేజీ ఊరు కాబట్టి స్టెబిలైజర్ ఉండాల్సిందే.

వాస్తవం: ఆకివీడు, కాళ్ల ఊళ్ల వైపు చేపలు, రొయ్యల చెరువుల మీద నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లన్నీ ఒకేసారి వేస్తే ఇంట్లో లైట్లు మసకబారతాయి. ఇన్‌పుట్ దగ్గర 100-240 అని ఉన్న సప్లై ఆ తగ్గుదలను తనే తట్టుకుంటుంది. 200-240 అని ఉన్నదైతే కంప్యూటర్ రీస్టార్ట్ అవ్వొచ్చు. కరెంటు పోతే ఆగకూడదంటే యూపీఎస్ కావాలి, స్టెబిలైజర్ కాదు.

అపోహ: సప్లై నుంచి మదర్‌బోర్డుకి వెళ్లే పెద్ద ప్లగ్గులో ఆకుపచ్చ వైరు, నల్ల వైరు కలిపితే ఫ్యాను తిరిగింది, సప్లై బాగున్నట్టే.

వాస్తవం: ఆన్ అవుతోందని మాత్రమే తెలిసింది. లోడు మీద 12 వోల్టుల లైను 11.4 కంటే దిగకూడదు.

ఆఖరుగా, దుమ్ము దులపడానికి డబ్బా మూత విప్పకండి. ప్లగ్ తీసినా లోపలి పెద్ద కెపాసిటర్లో 300 వోల్టులకు పైగా కాసేపు నిలిచి ఉండొచ్చు. ఫ్యాను తిరక్కుండా ఒక పుల్ల అడ్డం పెట్టి, బయటి నుంచే బ్లోయర్ కొట్టండి.