సోనోగ్రాఫరా, సోనాలజిస్టా: ప్రోబ్ చుట్టూ పేచీ

నెల్లూరు పొగతోటలో స్కానింగ్ సెంటర్ల బోర్డుల మీద కనిపించేది ‘సోనాలజిస్ట్’, అంటే స్కాన్ చేసే డాక్టరు. డాక్టర్లు కాని స్కానింగ్ టెక్నీషియన్లు తమకు కావాలంటున్న పేరు ‘సోనోగ్రాఫర్’. డాక్టర్లు కాని వైద్య సిబ్బంది వృత్తుల కోసం తెచ్చిన 2021 అలైడ్ హెల్త్‌కేర్ చట్టం షెడ్యూలులో ‘డయాగ్నస్టిక్ మెడికల్ సోనోగ్రాఫర్’ చేరాక, ఒంటికి ఆనించి అల్ట్రాసౌండ్ స్కాన్ తీసే ప్రోబ్‌ను ఎవరు పట్టాలన్న పేచీ చల్లారడం లేదు.

 ‘సోనోగ్రాఫర్’ మాటకు మూలం అమెరికాలో ఉంది. 1970లో అక్కడి అల్ట్రాసౌండ్ సిబ్బంది తమ సంఘానికి ‘టెక్నికల్ స్పెషలిస్ట్స్’ అని పేరు పెట్టుకున్నారు. 1980లో అది ‘డయాగ్నస్టిక్ మెడికల్ సోనోగ్రాఫర్స్’ సంఘమైంది. లాటిన్ ‘సోనస్’కు (ధ్వని) గ్రీకు ‘గ్రాఫ్’ను (రాత) అంటుగట్టిన మాట. రెండు భాషల కలగలుపైనా నిలబడింది.

ఎక్స్‌రే తీసే ‘రేడియోగ్రాఫర్’ వరసలో పుట్టిన మాటే గాని, పని ఆ వరసది కాదు. ఛాతీ ఎక్స్‌రే ఒకరు తీసి ఇంకొకరు చదవొచ్చు, ఊపిరితిత్తులు రెండూ ఫిల్ములో ఉంటాయి. అల్ట్రాసౌండ్‌లో ప్రోబ్ పట్టినవాళ్లు చూసి ఫ్రీజ్ చేసిందే మిగులుతుంది. కడుపులోని బిడ్డ తల అడ్డకొలతను మెదడులోని థలామస్‌లనే భాగాలు కనిపించే అడ్డకోతలోనే తీయాలి, దగ్గరి ఎముక బయటి అంచు నుంచి అవతలి ఎముక లోపలి అంచు దాకా. ప్రోబ్ ఏటవాలైతే గర్భం ఎన్ని వారాలదన్న లెక్కే తప్పుతుంది. తొడ ఎముక ఒక కొస ఆ కోతలోంచి తప్పితే పొట్టిగా తేలుతుంది. తెర మీద బొమ్మ వెలుగును పెంచే ‘గెయిన్’ను మరీ పెంచితే నీటితిత్తి లోపల లేని మచ్చలు కనిపిస్తాయి. తర్వాత బొమ్మలు చూసే డాక్టరుకు ఈ తప్పులు చాలావరకు దొరకవు. అందుకే అమెరికాలో సోనోగ్రాఫర్లకు ప్రత్యేకమైన చదువు, 1975 నుంచి ప్రత్యేకమైన రిజిస్ట్రీ.

మన దేశంలో ‘సోనాలజిస్ట్’ మాటకు బలం చట్టంలోంచి వచ్చింది. 1994 లింగనిర్ధారణ నిరోధక చట్టానికి 2003లో చేసిన సవరణ దాన్ని నిర్వచిస్తూ వైద్య పట్టానో, ఇమేజింగ్‌లో పీజీనో అడిగింది. ఆ చట్టం ప్రకారం గర్భిణి స్కాన్‌కు వివరాల పత్రం, ఫారం-ఎఫ్, నింపాలి. నెల నివేదిక మరుసటి నెల 5లోగా పంపాలి. రికార్డులు రెండేళ్లు దాచాలి. ఫారంలో లోపముంటే, కాదని నిరూపించుకునేదాకా ఉల్లంఘనే. ఇంత బాధ్యత డాక్టరు కానివారికి ఎలా అప్పగిస్తారన్నది రేడియాలజిస్టుల ప్రశ్న.

2021 షెడ్యూలు పేరైతే ఇచ్చింది గాని 1994 చట్టాన్ని కదిలించలేదు. ఇమేజింగ్ బీఎస్సీ పాసై ఒంగోలులో ఉద్యోగంలో చేరినవారికి ఆ పేరు దక్కినా, అంతమాత్రాన గర్భిణికి స్కాన్ చేసే హక్కు రాదు.