లెర్నింగ్ స్టైల్స్, బట్టీ చదువు: కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయవాడలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. చదువు తలకెక్కే తీరు గురించి తల్లిదండ్రులు తరచుగా చెప్పే మాటలలో కొన్ని పిల్లలకు నిజంగా నష్టం చేస్తున్నాయని నా అభిప్రాయం.

అపోహ: మా అబ్బాయి చూసి నేర్చుకునే రకం, వింటే ఎక్కదు. వాడికి ఆ పద్ధతిలోనే చెప్పాలి.

వాస్తవం: ఒక్కొక్కరికి ఒక్కో నేర్చుకునే శైలి ఉంటుందన్న ఈ నమ్మకాన్నే లెర్నింగ్ స్టైల్స్ అంటారు. ఒకరికి బొమ్మలు, ఒకరికి మాటలు ఇష్టం కావచ్చు. అయితే ఇష్టమైన పద్ధతిలో చెప్పినంత మాత్రాన ఎక్కువ నేర్చుకుంటారని రుజువు కాలేదు. హెరాల్డ్ పాష్లర్‌తో పాటు మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటివరకు వచ్చిన పరిశోధనలను 2008లో సమీక్షించి, విద్యార్థి శైలికి తగినట్లు బోధనను మార్చడాన్ని సమర్థించడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. పద్ధతిని నిర్ణయించవలసింది పాఠమే. కిరణ చిత్రం గీయకుండా కటకాల పాఠం బోధపడటం ఎవరికైనా కష్టమే, సన్నని తీగ మందాన్ని కొలిచే స్క్రూగేజిని చేత్తో పట్టుకోకుండా దాని రీడింగ్ తీయడం ఎవరికీ రాదు. చూపు, వినికిడి లోపాలు, డిస్లెక్సియా (అక్షరాలు చదవడంలో ఇబ్బంది) వంటివి వేరే సంగతి, వాటికి ప్రత్యేక సహాయం తప్పనిసరి. మిగిలిన పిల్లలకు మాత్రం దయచేసి ఇటువంటి ముద్ర వేయకండి, ఎందుకంటే తాను ‘చదివి నేర్చుకునే రకం కాదు’ అని నమ్మిన విద్యార్థి పాఠ్యపుస్తకం తెరవడమే మానేస్తాడు.

అపోహ: సూత్రం తప్పులేకుండా అప్పజెప్పాడంటే పాఠం వచ్చినట్లే.

వాస్తవం: ద్రవంలో లోతును బట్టి పీడనం ఎంత పెరుగుతుందో తెలిపే ‘హెచ్ రో జీ’ (లోతు × సాంద్రత × గురుత్వ త్వరణం) సూత్రాన్ని మొదటి సంవత్సరం విద్యార్థులు ఇట్టే చెబుతారు. అప్పుడు నేను ఒక ప్రశ్న వేస్తాను: ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర నీరు 12 అడుగుల లోతు ఉంది, మన మేడ మీద నిలబెట్టిన సన్నని గొట్టంలోనూ 12 అడుగుల ఎత్తు నీరు ఉంది, అడుగున ఎక్కడ పీడనం ఎక్కువ? బ్యారేజీ వెనుక మైళ్ల దూరం నీరు నిలిచి ఉంటుంది కాబట్టి అక్కడే ఎక్కువని చాలామంది సమాధానం ఇస్తారు. నిజానికి రెండుచోట్లా అది సమానమే. నీటి వలన పెరిగే పీడనం సుమారు 36 వేల పాస్కల్‌లు (పీడనాన్ని కొలిచే ప్రమాణం). సూత్రంలో నీటి విస్తీర్ణానికి చోటే లేదన్న సంగతి దానిని నోటితో చెప్పే విద్యార్థి గమనించలేదు. గేటు వైశాల్యం పెద్దది కాబట్టి దాని మీద పడే మొత్తం బలం చాలా ఎక్కువ, పీడనం మాత్రం కాదు. ఈ తేడాను సొంత మాటల్లో వివరించగలిగిన రోజున ఆ పాఠం వచ్చినట్లు.

అపోహ: అయితే కంఠస్థం చేయించడం పూర్తిగా మానేయాలి.

వాస్తవం: ఇది పై అపోహకంటే ప్రమాదకరమైన మాట. మనసు ఒకే సమయంలో కొద్ది అంశాలను మాత్రమే పట్టి ఉంచగలదు. ఏడెనిమిదులు ఎంతో వేళ్ల మీద లెక్కపెట్టుకునే విద్యార్థికి అసలు సమస్య గురించి ఆలోచించడానికి అందులో చోటు మిగలదు. ఎక్కాలు, ప్రమాణాలు, త్రికోణమితి విలువలు నోటికి రావలసిందే. బట్టీ పట్టకూడనిది ఉత్పాదనను (సూత్రం ఎలా వచ్చిందో చూపే మెట్లను), లెక్క సాధనను.

అపోహ: పదిసార్లు చదివితే అదే గుర్తుంటుంది.

వాస్తవం: 2006లో రోడిగర్, కార్పికి అనే పరిశోధకులు కళాశాల విద్యార్థుల చేత ఒక పాఠ్యభాగాన్ని రెండుసార్లు చదివించారు, మరొక భాగాన్ని ఒకసారి చదివించి, తరువాత చూడకుండా రాయించారు. ఐదు నిమిషాల తరువాత పరీక్షించినవారికి రెండుసార్లు చదివిన భాగమే ఎక్కువ గుర్తుంది. వారం తరువాత పరీక్షించినవారికి అటువంటి భాగంలో 42 శాతం గుర్తుండగా, చూడకుండా రాసిన భాగంలో 56 శాతం గుర్తుంది. స్టడీ అవర్‌లో గంటల తరబడి గట్టిగా చదివించే చోట, ఆఖరి పావుగంట పుస్తకం మూయించి, గుర్తున్నది తెల్లకాగితం మీద రాయించి, వేరే రంగు పెన్నుతో వారి చేతనే దిద్దించండి. అదే పాఠం మీద మూడు రోజుల తరువాత ఒకసారి, మరో వారానికి ఇంకొకసారి ఇలాగే చేయించండి, మార్కులు మాత్రం వేయకండి.