బీపీ గోలీ, కరోనా కొమ్ము, మధ్యలో ఏస్‌2

2020 ఏప్రిల్‌లో, నల్లకుంటలోని మా ఇంట్లో, నాన్న ఎవరికీ చెప్పకుండా తొమ్మిది రోజులు బీపీ గోలీ మానేశారు. తల తిరుగుతోందంటే అమ్మ మెషిన్ పెట్టి చూసింది. పై అంకె 178. దిండు కింద టెల్మిసార్టాన్ షీట్ ముట్టకుండా అలాగే ఉంది. "అవి వేసుకుంటే కరోనా తొందరగా అంటుకుంటుందంట" అన్నారు. ఫోన్‌లో ఫార్వర్డ్ వచ్చిందట.

ఆ మాట ఉత్త గాలి కబురు కాదు. దాని వెనక ఇరవై ఏళ్ల కథ ఉంది. జనానికి చేరింది మాత్రం సగమే.

మన ఒంట్లో యాంజియోటెన్సిన్‌-2 అనే పదార్థం రక్తనాళాలను బిగించి బీపీ పెంచుతుంది. దాన్ని కోసి, నాళాలను సడలించే పదార్థంగా మార్చే ఎంజైమ్‌ను 2000లో రెండు బృందాలు విడివిడిగా కనిపెట్టాయి. అదే ఏస్‌2. 805 అమైనో ఆమ్లాల గొలుసు. గుండె, కిడ్నీలు, పేగులు, ఊపిరితిత్తుల కణాల పైపొరలో దిగబడి, ఎక్కువ భాగం బయటికి పొడుచుకొని ఉంటుంది. 2003లో కరోనా జాతికే చెందిన సార్స్ వైరస్ వచ్చినప్పుడు, అది కణంలోకి దూరడానికి పట్టుకునేది దీన్నేనని శాస్త్రవేత్త మైకేల్ ఫర్జాన్ బృందం ఆ నవంబరులోనే తేల్చింది.

2004లో ఏస్‌2 స్ఫటిక నిర్మాణం, అంటే దాని అసలు ఆకారం, బయటపడింది. చూడ్డానికి తెరిచిన ఆల్చిప్పలా ఉంటుంది. రెండు రెక్కల నడుమ లోతైన సందు, ఆ సందులో ఒక జింక్ పరమాణువు. యాంజియోటెన్సిన్ తెగేది అక్కడే. మరుసటి ఏడాది ఫాంగ్ లీ, స్టీఫెన్ హారిసన్ బృందం చూపించిన నిర్మాణమే నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. సార్స్ వైరస్ కొమ్ము, అంటే వైరస్ ఒంటి మీద పొడుచుకొని ఉండే స్పైక్ ప్రోటీన్, ఆ సందులోకి వెళ్లనే వెళ్లదు, పై రెక్క అంచును బయటినుంచే పట్టుకుంటుంది. కొత్త కరోనా పట్టు కూడా ఆ అంచు మీదేనని 2020లో తేలింది. అంటే ఏస్‌2 పని చేసేది ఒకచోట, వైరస్ పట్టేది మరోచోట.

మరి గోలీల మీద అనుమానం ఎలా పుట్టింది? లిసినోప్రిల్, లోసార్టాన్ అనే బీపీ మందులు ఇచ్చిన ఎలుకల గుండెలో ఏస్‌2 పెరిగే సూచనలు 2005లో కనిపించాయి. ఏస్‌2 పెరిగితే వైరస్‌కు పట్టు దొరికే చోట్లూ పెరుగుతాయి కదా అన్నది 2020లో కొందరి ఊహ. గుండె డాక్టర్ల సంఘాలు అప్పుడే మానొద్దని గట్టిగా చెప్పాయి. తర్వాత బ్రెజిల్‌లో, ఈ మందులు వాడుతూ కరోనాతో ఆస్పత్రిలో చేరిన 659 మందిని పరీక్షించారు. సగం మందికి నెల రోజులు గోలీలు ఆపారు, మిగతావాళ్లకు కొనసాగించారు. ఆపినందువల్ల మేలేమీ కనిపించలేదు.

ఆ అంచు మీది పట్టు గురించి తెలిసిన సంగతులే మన హైదరాబాద్‌లో వ్యాక్సిన్‌గానూ అక్కరకొచ్చాయి. బయోలాజికల్ ఇ తయారుచేసిన కార్బెవాక్స్‌లో వైరస్ మొత్తం ఉండదు, కొమ్ము కూడా పూర్తిగా ఉండదు. ఏస్‌2ను పట్టుకునే ముక్క ఒక్కటే ఉంటుంది, దాన్ని ఈస్ట్ కణాల్లో తయారుచేస్తారు. 2022 మార్చి 16 నుంచి 12–14 ఏళ్ల పిల్లలకు అదే వేశారు. మా అక్క కూతురిని బస్తీలోని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లింది నాన్నే. టిఫిన్ తిని, తన గోలీ వేసుకునే బయల్దేరారు.