ఫ్యాక్టరీ తనిఖీలు: 98.78 మార్కుల వెనక కథ

2025 నవంబరు 21న కార్మిక కోడ్‌లు అమల్లోకి రావడంతో ఫ్యాక్టరీ తనిఖీల మీద పాత గొడవ మళ్లీ రాజుకుంది. వాటిలో ఒకటైన వృత్తి భద్రత కోడ్ ప్రకారం ఇకపై వచ్చేది 'ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్', అంటే తనిఖీతో పాటు సలహాలూ ఇచ్చే అధికారి. ఏ ఫ్యాక్టరీకి ఎవరు వెళ్లాలో కంప్యూటర్ తేల్చే పద్ధతికి ఇప్పుడు చట్టంలోనే చోటు దొరికింది. తనిఖీలకు నీళ్లొదిలారని కార్మిక సంఘాలు, వేధింపులు తప్పాయని యాజమాన్యాలు అంటున్నాయి.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, భోపాల్ తర్వాత 1987లో దానికి చేర్చిన ప్రమాదకర ప్రక్రియల అధ్యాయం తెలిసిన సంగతులే. తెలుగు రాష్ట్రాలకు సంబంధించి అసలు మలుపు 2015-16లో ఉంది.

సులభతర వాణిజ్యంలో రాష్ట్రాలకు కేంద్రం ర్యాంకులివ్వడం అప్పుడే మొదలైంది. 2015 జాబితాలో ఆంధ్రప్రదేశ్‌ది రెండో స్థానం, తెలంగాణది పదమూడు. మరుసటి ఏడాది సంస్కరణల అంశాలు 98 నుంచి 340కి పెరిగాయి. రెండు రాష్ట్రాలూ 98.78 శాతంతో కలిసి మొదటి స్థానంలో నిలిచాయి. ఆ మార్కుల్లో కొన్ని తనిఖీలకు సంబంధించినవి. రిస్కును బట్టి ఫ్యాక్టరీల ఎంపిక, కంప్యూటర్ ద్వారా ఇన్‌స్పెక్టర్ కేటాయింపు, ముందే ప్రకటించిన చెక్‌లిస్టు, 48 గంటల్లో ఆన్‌లైన్ నివేదిక. వీటితో పాటు, ఒకే ఇన్‌స్పెక్టర్ ఒకే ఫ్యాక్టరీకి వరసగా రెండోసారి వెళ్లకూడదన్న షరతు కూడా.

మామూళ్లు అరికట్టడానికి ఈ చివరి షరతు అవసరమేనని యాజమాన్యాల వాదన. మామూళ్ల బెడద అబద్ధమేమీ కాదు. అయితే దానికి చెల్లించిన మూల్యం తక్కువేం కాదు. రసాయన ఫ్యాక్టరీలో ప్రమాదం చాలాసార్లు కొత్త యంత్రంతో రాదు, ఉన్నదానికి చేసిన చిన్న మార్పుతో వస్తుంది. పైపు దారి మళ్లిస్తారు, వాల్వు తీసేస్తారు, ప్రమాదం వస్తే యంత్రాన్ని తనంతట ఆపే ఇంటర్‌లాక్‌ను 'తాత్కాలికంగా' బైపాస్ చేస్తారు. పోయినసారి అక్కడ ఏముందో చూసినవాడికే ఈసారి ఏది లేదో తెలుస్తుంది. కొత్తగా వచ్చినవాడి చేతిలో చెక్‌లిస్టు ఉంటుంది, పాత ఫ్యాక్టరీ బొమ్మ ఉండదు.

విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్‌లో, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ ద్రవాన్ని నిల్వ చేసిన ఎం6 ట్యాంకు సంగతి చూడండి. స్టైరీన్ నిల్వ ఉంటే తనంతట తానే పాలిమర్‌గా మారుతూ వేడెక్కుతుంది. దాన్ని ఆపడానికి టీబీసీ అనే నిరోధకాన్ని మామూలుగా 10-15 పీపీఎం (పది లక్షల్లో 10-15 వంతులు) మోతాదులో కలుపుతారు. ద్రవంలో ఆక్సిజన్ కరిగి ఉంటేనే టీబీసీ పనిచేస్తుంది. ట్యాంకును చల్లగా ఉంచాలి, ద్రవాన్ని పైనుంచి కింది దాకా తిప్పుతూ ఉండాలి. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ 2020 జులైలో ఇచ్చిన నివేదిక ప్రకారం 2019 డిసెంబరులో పైపింగ్‌లో చేసిన మార్పుతో ఆ తిరుగుడు దెబ్బతింది. ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ట్యాంకు అడుగునే ఉంది. అడుగున చల్లగా కనిపిస్తుంటే పైపొరల్లో వేడి పెరుగుతోంది. రోజువారీ రిజిస్టరులో అంకె మాత్రం సవ్యంగానే ఉంటుంది. లాక్‌డౌన్‌లో మూతపడి ఉన్న ఆ ప్లాంటు నుంచి 2020 మే 7 తెల్లవారుజామున ఆవిరి ఊళ్ల మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. సైరన్ మోగలేదు.

పర్యావరణ అనుమతుల కథ ఇంకా విచిత్రం. తమ ఉత్పత్తి పరిమాణానికి తగిన పర్యావరణ అనుమతి లేదని ఆ కంపెనీయే 2019 మేలో అఫిడవిట్ ఇచ్చింది. అయినా కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే నిర్వహణ అనుమతితో ప్లాంటు నడుస్తూనే ఉంది. ఒక శాఖ దగ్గరున్న కాగితం ఇంకో శాఖ తనిఖీలో లెక్కలోకి రాకపోతే, ఎన్ని పోర్టళ్లు పెట్టినా ఇదే వరస.

ఆ తర్వాత 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఎసెన్షియా ఫార్మా ప్లాంటులో ఎంటీబీఈ అనే సాల్వెంట్ (ద్రావకం) లీకై అంటుకుని 17 మంది పోయారు. ఎంటీబీఈ ఫ్లాష్ పాయింట్, అంటే దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనీస ఉష్ణోగ్రత, మైనస్ 28 డిగ్రీలు; మన ఎండలో నిప్పురవ్వ తగిలితే చాలు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీలో పేలుడు. మృతులు, ఆచూకీ దొరకనివారు కలిపి 54 మంది. వారిలో చాలామంది బిహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశాల నుంచి వచ్చినవారు. అక్కడ తయారయ్యేది విషవాయువు కాదు, మందుబిళ్లల్లో కలిపే సెల్యులోజ్ పొడి.

అలాంటి పొడిని ఆరబెట్టే డ్రైయర్‌ను తనిఖీ చేయడమంటే లైసెన్సు చూడటం కాదు. లోపలి గోడకు అంటుకుని మాడిన పొడి ముద్దలున్నాయా, బయటికొచ్చే గాలి వేడి హద్దు దాటితే హీటర్ తనంతట ఆగుతోందా, పేలుడు ఒత్తిడిని బయటికి వదిలే వెంట్‌కు ఎదురుగా మనుషులు తిరిగే దారి ఉందా, పైపుల అతుకుల (ఫ్లాంజ్‌ల) మధ్య స్థిర విద్యుత్తును నేలలోకి పంపే ఎర్తింగ్ జంపర్ తీగలు తెగాయా చూడాలి. దూలాల మీద, కేబుల్ ట్రేల మీద పేరుకున్న దుమ్మును వేలితో గీసి చూడాలి. మొదటి పేలుడు చిన్నదే కావచ్చు, దాని ఊపుకి లేచిన ఆ దుమ్ము అంటుకున్నప్పుడే భవనం కూలుతుంది. ఇదంతా చూడటానికి ప్లాంటు నడుస్తుండగా, చెప్పకుండా వెళ్లాలి. పగలైనా రాత్రైనా ముందస్తు నోటీసు లేకుండా ప్రవేశించే అధికారం ఇన్‌స్పెక్టరుకు ఉండాలన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) 81వ ఒడంబడికను భారత్ 1949లోనే ఆమోదించింది.

శిక్షల్లో మార్పు రెండు దిక్కులా ఉంది. కొత్త కోడ్ ప్రకారం ఉల్లంఘన వల్ల ప్రాణం పోతే రెండేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీలో 250 మంది ఉంటే చాలు, సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి. పాత చట్టంలో మామూలు ఫ్యాక్టరీలకు హద్దు వెయ్యి; ప్రమాదకరమైన వాటికి అంకె లేదు, నిర్ణయం రాష్ట్ర ప్రభుత్వానిది. ఇది మెరుగే. పర్యావరణ పరిరక్షణ చట్టంలో మాత్రం 2024 ఏప్రిల్ 1 నుంచి ఐదేళ్ల జైలు నిబంధన పోయి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానా వచ్చింది. పెద్ద ప్లాంటుకు 15 లక్షలంటే ఒక మంచి పంపు ఖరీదు.

ఇప్పుడు వాదన థర్డ్ పార్టీ ఆడిట్ల దగ్గర, అంటే ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు బదులు బయటి ఆడిటర్ చేసే తనిఖీల దగ్గర ఆగింది. ఫీజు ఫ్యాక్టరీ చెల్లిస్తే ఆడిటర్ ఎవరి మనిషి అవుతాడన్నది సంఘాల ప్రశ్న. సిబ్బంది చాలని శాఖకు ఇంతకన్నా దారేదన్నది యాజమాన్యాల జవాబు. డబ్బు ప్రభుత్వ నిధిలో జమ చేయించి, ఆడిటర్‌ను శాఖే పంపితే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. రెండు తనిఖీల మధ్య ప్లాంటులో మార్చిన ప్రతి పైపునీ వాల్వునీ తేదీతో సహా రాసిన రిజిస్టరును, వచ్చినవాడు ఎవరైనా, ముందుగా అతని చేతికివ్వాలన్న షరతు కూడా నిబంధనల్లో చేర్చవచ్చు. దానికయ్యే ఖర్చు ఒక్క నోటుబుక్కు.