గ్రీన్‌పాయింట్ ఒడ్డున రేడియో టవర్లు పోయి పార్కు ఎలా వచ్చింది

న్యూయార్క్‌లో బ్రూక్లిన్ ఉత్తర కొసనున్న గ్రీన్‌పాయింట్‌లో, ఈస్ట్ రివర్ ఒడ్డున ఉన్న ట్రాన్స్‌మిటర్ పార్కు ఎకరంన్నర పైచిలుకే. అటూ ఇటూ కొత్త అపార్ట్‌మెంట్లు లేచిన ఆ ఒడ్డున ఈ ముక్క ఎవరి చేతికీ పోకుండా మిగిలిందంటే, అది రేడియో చలవే.

నగరపాలక సంస్థ 1924లో డబ్ల్యుఎన్‌వైసీ అనే సొంత స్టేషన్ పెట్టింది. మొదట ప్రసారాలు మన్‌హట్టన్‌లోని మునిసిపల్ బిల్డింగ్ నుంచే సాగేవి. ఉక్కు భవనాల మధ్య సిగ్నల్ దెబ్బతినేది. దాంతో 1937లో ట్రాన్స్‌మిటర్‌ను నది ఇవతలికి, గ్రీన్‌పాయింట్‌లోని పాత ఫెర్రీ రేవు దగ్గరికి మార్చారు. మీడియం వేవ్‌కు ఇలాంటి చోటే కావాలి. ఇందులో టవరే యాంటెన్నా. నేల కూడా సర్క్యూట్‌లో భాగం కాబట్టి టవర్ చుట్టూ రాగి తీగలు పాతిపెడతారు. నేల ఎంత తడిగా, ఉప్పగా ఉంటే ప్రసారశక్తి అంత తక్కువ వృథా అవుతుంది. ఈస్ట్ రివర్ పేరుకే నది, నిజానికి ఆటుపోట్లున్న ఉప్పునీటి పాయ. టవర్ల ఎత్తు 304 అడుగులు. అప్పటి 810 కిలోహెర్ట్జ్ తరంగం పొడవులో అది దాదాపు నాలుగో వంతు.

ఇన్ని కుదిరినా రాత్రిపూట నోరు మూసుకోవాల్సిందే! చీకటి పడ్డాక మీడియం వేవ్ తరంగాలు పై వాతావరణం నుంచి పరావర్తనం చెంది వందల మైళ్లు పోతాయి. అదే ఫ్రీక్వెన్సీలో అమెరికా మధ్య భాగాన ఉన్న మినియాపోలిస్ నగరపు స్టేషన్ ఉండేది. అందుకే మొదట్లో అక్కడ పొద్దుగూకేసరికి ఇక్కడ ప్రసారం ఆపేసేవారు.

1990లో ట్రాన్స్‌మిటర్ న్యూజెర్సీలోని కెర్నీకి తరలింది. 2005లో నగరం ఈ ఒడ్డున ఎత్తైన ఇళ్లకు అనుమతిస్తూ, బదులుగా పార్కులు ఇస్తామంది. ఇక్కడ స్థలం అప్పటికే నగరానిదే, కొనే పని లేదు కాబట్టి 2012కల్లా పార్కు తెరుచుకుంది. అదే హామీలో భాగమైన బుష్‌విక్ ఇన్‌లెట్ పార్కు కోసం ఒక్క గోదాము స్థలానికే 2016లో 16 కోట్ల డాలర్లకు ఒప్పుకోవాల్సి వచ్చింది. హామీ ఇచ్చేనాటికి భూమి చేతిలో లేకపోతే అంతే మరి.

పాత ట్రాన్స్‌మిటర్ భవనం ఇంకా ఉంది. ఫెర్రీ రేవును తవ్వి చిత్తడి నేలగా మార్చి, పైన నడక వంతెన వేశారు. సబ్‌వేలో వచ్చేవారు జీ రైలెక్కి గ్రీన్‌పాయింట్ అవెన్యూ స్టేషన్‌లో దిగి, ఆ అవెన్యూ వెంటే పడమరగా నది దాకా నడవాలి. ఫెర్రీలో ఇండియా స్ట్రీట్ దగ్గర దిగితే దక్షిణంగా జావా, ఆ తర్వాత కెంట్ వీధులు వస్తాయి. కెంట్ పక్కనే పార్కు.