ఇంటిపేరు మారిన బ్యాక్టీరియా: అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక పేషెంటు కొడుకు రెండు కాగితాలు పట్టుకుని మా ల్యాబ్ కిటికీ దగ్గరికి వచ్చాడు. "మేడమ్, నాన్నగారి యూరిన్ కల్చర్‌లో అప్పుడు ఎంటెరోబాక్టర్ అన్నారు, ఇప్పుడు క్లెబ్సియెల్లా అంటున్నారు. అది పోయి ఇది పట్టిందా?" మొహంలో టెన్షన్ తెలుస్తూనే ఉంది. చూస్తే పాత కాగితం మీద ఎంటెరోబాక్టర్ ఏరోజీన్స్, కొత్తదాని మీద క్లెబ్సియెల్లా ఏరోజీన్స్. రెండూ ఒకటే. మెషీన్ సాఫ్ట్‌వేర్ మార్చాక అది కొత్త పేరు ప్రింట్ చేస్తోంది, అంతే. ఇలాంటి ప్రశ్నలు తరచూ వస్తుంటాయి కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: పేరు మారిందంటే కొత్త క్రిమి వచ్చినట్టే.

బ్యాక్టీరియా పేర్లు అచ్చం మన పేర్లలాగే ఉంటాయి. ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. "కె. సుబ్బారావు" అన్నట్టే స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ఇంటిపేరును పొడి అక్షరం చేసి "ఎస్. ఆరియస్" అంటాం. ఇంటిపేరు ప్రజాతిది, రెండో పేరు జాతిది. జన్యువులు చదివేకొద్దీ ఫలానాది ఈ ఇంటిది కాదు, పక్కింటిది అని తేలుతుంటుంది. అప్పుడు ఇంటిపేరు మారుతుంది, సొంత పేరు చాలావరకు అలాగే ఉంటుంది. ఏరోజీన్స్ అలా 2017లో క్లెబ్సియెల్లా ఇంటికి చేరింది.

ఇల్లు మారినా పాత అలవాట్లు పోలేదు. మామూలుగా కనిపించే క్లెబ్సియెల్లా న్యుమోనియేకు లేని, కొన్ని యాంటీబయాటిక్‌లను విరగ్గొట్టే ఆంప్‌సి అనే ఎంజైమ్ దీనికి పుట్టుకతోనే ఉంది. రిపోర్టులో సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎదురుగా "పనిచేస్తుంది" అని ఉన్నా, వాడుతుండగానే ఆ మందుకు లొంగకుండా పోవచ్చు. కొత్త పేరు చూసి "ఓ, క్లెబ్సియెల్లాయే కదా" అనుకునే జూనియర్ డాక్టర్లకు ఈ సంగతి ఫోన్ చేసి చెప్తుంటాను.

అపోహ: "గ్రామ్ నెగటివ్" అని వచ్చింది, అంటే ఏమీ లేనట్టే.

ఉన్నట్టే. ఈ గ్రామ్ తూకం కాదు, డెన్మార్క్ డాక్టరు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్. ఆయన 1884లో ప్రకటించిన రంగుల పద్ధతే ఇప్పటికీ వాడుతున్నాం. ఆల్కహాల్‌తో కడిగినా ఊదారంగు వదలకపోతే పాజిటివ్. ఊదా పోయి, ఆ తర్వాత వేసే గులాబీ రంగు పట్టుకుంటే నెగటివ్.

అపోహ: పేరులో ఏ జబ్బు ఉంటే ఆ జబ్బే చేస్తుంది.

ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అని ఊరికే అనలేదు. 1892లో ఫ్లూ రోగుల కఫంలో ఒక బ్యాక్టీరియా కనిపిస్తే, ఫ్లూకి కారణం ఇదేనని రిచర్డ్ ఫైఫర్ అనుకున్నాడు. దానికి హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అన్న పేరు స్థిరపడింది. 1933లో అసలు దొంగ, ఫ్లూ వైరస్, దొరికింది. పేరు మాత్రం పోలేదు. అర్థం తప్పినంత మాత్రాన పేరు మార్చకూడదన్నది నామకరణ నియమావళిలోనే ఉంది. మార్చుకుంటూ పోతే పాత పుస్తకం ఒక్కటీ అర్థం కాదు మరి.

దీని తిప్పలు మన ఇళ్లదాకా వచ్చాయి. పసిపిల్లలకు ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావాలెంట్ టీకాలో "హిబ్" ఉంటుంది. అది ఈ బ్యాక్టీరియాలో బి రకానికి, అంటే మెదడు పొరల వాపు, న్యుమోనియా లాంటివి తెచ్చేదానికి. కార్డు మీద పేరు చదివి "ఫ్లూ టీకా కూడా అయిపోయింది" అనుకునే తల్లిదండ్రులున్నారు. అవలేదు, ఫ్లూ టీకా వేరు.

అపోహ: టైఫీ, పారాటైఫీ వేర్వేరు జాతులు.

టైఫాయిడ్ అనుమానంతో చేసే రక్తపరీక్ష వైడాల్ రిపోర్టు మనకు కరెంటు బిల్లంత మామూలు కాగితం. టైఫాయిడ్, పారాటైఫాయిడ్ తెచ్చే టైఫీ, పారాటైఫీ పేర్లు అందులోనే కనిపిస్తాయి. నిజానికి సాల్మొనెల్లా ఇంట్లో అందరూ ఒప్పుకునే జాతులు రెండే: ఎంటెరికా, బొంగోరి. ఎంటెరికా కింద 2,500 దాకా సీరోవార్లు, అంటే పైపొర, తోకల తేడాలను బట్టి విడదీసిన రకాలు, ఉన్నాయి. టైఫీ ఒకటి, పారాటైఫీ ఏ ఇంకొకటి. పూర్తిగా రాస్తే సాల్మొనెల్లా ఎంటెరికా సీరోవార్ టైఫీ అనాలి. అంత పొడుగు మేమూ రాయం. (సాల్మొనెల్లాకీ సాల్మన్ చేపకీ చుట్టరికం లేదు. డేనియల్ సాల్మన్ అమెరికాలో పశువైద్యుడు. కనిపెట్టింది ఆయన కింద పనిచేసిన థియోబాల్డ్ స్మిత్, పేరు దక్కింది పైఅధికారికి.)

అదే కాగితంలో "ఓ", "హెచ్" అని ఉంటాయి, ఎవరూ అడగరు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో వైల్, ఫెలిక్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రోటియస్ అనే బ్యాక్టీరియాను పెంచుతుంటే అది ప్లేటంతా పలుచటి పొరలా పాకింది, అద్దం మీద ఊపిరి వదిలితే పట్టే ఆవిరిలా. జర్మన్‌లో ఆ ఊపిరిని హౌఖ్ అంటారు. అదే హెచ్. పాకనిది "ఓనె హౌఖ్", ఊపిరి లేనిది. అదే ఓ. పాకడానికి తోకలు కావాలి కాబట్టి హెచ్ అంటే తోక, ఓ అంటే ఒంటి పైపొర అని స్థిరపడింది.

వాళ్లిద్దరి పేరు మీదే వైల్-ఫెలిక్స్ పరీక్ష ఉంది. స్క్రబ్ టైఫస్ అనే, చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం అనుమానంతో చేయిస్తే "ప్రోటియస్ ఓఎక్స్-కె" పాజిటివ్ అని వస్తుంది. ఒంట్లో ప్రోటియస్ ఉందని కాదు. స్క్రబ్ టైఫస్ తెచ్చే ఓరియెన్షియా సుత్సుగముషి మామూలు ప్లేట్ల మీద పెరగదు. దానికోసం మన రక్తం తయారుచేసుకున్న యాంటీబాడీలు పోలికలను బట్టి ప్రోటియస్‌నూ పట్టుకుంటాయి. టైఫాయిడ్ అన్న మాటకు "టైఫస్ లాంటిది" అని అర్థమేగానీ రెండూ ఒకటి కావు. టైఫాయిడ్‌కు వాడే సెఫ్ట్రియాక్సోన్ స్క్రబ్ టైఫస్ మీద పనిచేయదు, దానికి డాక్సీసైక్లిన్ లాంటివి కావాలి.

అపోహ: ఏది ఏ ఇంటిదో పైనెవరో అధికారికంగా తేల్చేస్తారు.

పేరు పెట్టే పద్ధతికి నియమావళి ఉంది. 1980 జనవరి 1న పాత పేర్ల గుట్టను పక్కకు నెట్టి, ఆమోదించిన జాబితాతో కొత్త లెక్క మొదలుపెట్టారు. వర్గీకరణ మాత్రం అభిప్రాయమే. సరిగా ప్రకటించిన పాత పేరు కూడా చెల్లుతుంది.

జన్యువుల ప్రకారం జిగట విరేచనాలు తెచ్చే షిగెల్లా, ఇ. కోలై ఒకే జాతి. అయినా డాక్టర్లు తికమక పడతారని విడిగానే ఉంచారు. ప్లేగు సంగతి ఇంకా పెద్దది. దాన్ని తెచ్చే బ్యాక్టీరియా, అంత ప్రమాదం లేని యెర్సీనియా సూడోట్యూబర్‌క్యులోసిస్‌లో ఒక ఉపజాతేనని పేరు మారిస్తే, 1985లో ఆ మార్పును తోసిపుచ్చి యెర్సీనియా పెస్టిస్‌నే నిలబెట్టారు. ప్లేటు చేతిలో ఉన్నవాడు పేరు చూసి తేలిగ్గా తీసుకుంటే ప్రాణం మీదికొస్తుందని. నా ఓటు కూడా దానికే.

అపోహ: పేర్ల గొడవ ల్యాబ్‌వాళ్లది, రోగికి మందు ముఖ్యం.

ఇది నా అనుభవమే. వానాకాలం, షుగర్ ఉన్న రైతు, కాలేయంలో చీము. మెషీన్ "సూడోమొనాస్ జాతి" అంది. నేనూ సంతకం పెట్టబోయాను. మందుల వరస చూస్తే ఏదో తేడా కొట్టింది. జెంటామైసిన్‌కు, కొలిస్టిన్‌కు లొంగలేదు, కో-అమాక్సిక్లావ్‌కు లొంగింది. సూడోమొనాస్ అలా చేయదు. స్లైడు మళ్లీ చూస్తే రెండు చివరలా రంగు పట్టి, మధ్యలో ఖాళీగా, పిన్నీసుల్లా ఉన్నాయి. మూడో రోజుకు ప్లేటు మీద ముడతలు పడ్డాయి.

బర్ఖోల్డేరియా సూడోమాలై, మెలియాయిడోసిస్ అనే, మట్టి, నీళ్ల నుంచి సోకే ప్రమాదకరమైన జబ్బు తెచ్చేది. 1992 దాకా దాని ఇంటిపేరు కూడా సూడోమొనాసే. ఇప్పటి ఇంటిపేరు ఉల్లిగడ్డల కుళ్లు మీద పనిచేసిన శాస్త్రవేత్త బర్ఖోల్డర్‌ది. సూడోమొనాస్ అయితే రెండు మూడు వారాల ఇంజెక్షన్లతో ఇంటికి పంపేవాళ్లు. దీనికి ఇంజెక్షన్ల తర్వాత మళ్లీ కనీసం మూడు నెలలు మాత్రలు మింగాలి, ఆపితే తిరగబెడుతుంది. రిపోర్టు చించేసి కొత్తది రాసుకుని, వార్డుకు నేనే నడిచి వెళ్లాను. డిశ్చార్జి కాగితం అప్పటికే టైపు చేస్తున్నారు.